గంప కింద పుంజు

గురువారం పొద్దున హేమావతి వాకిట్లో జొన్నలు చల్లి, చేట చంకన పెట్టుకుని నిలబడింది. కోళ్ళు తినేటప్పుడు చూడడం ఆమెకు అలవాటు. ఎంత పని మిగిలి ఉన్నా సరే, ఆ కాసేపు ఎవరు పిలిచినా పలకదు.

ఆ కోళ్ళకొక వరస ఉంది. ముందు ఎర్ర పుంజు వస్తుంది. వచ్చినా వెంటనే తినదు. గింజను ముక్కుతో ఎత్తి కింద వేసి, మళ్ళీ ఎత్తి వేసి, పెట్టల్ని పిలుస్తుంది. పిలిచింది కదా అని అన్నీ ఎగబడకూడదు. మొదట పొడల పెట్ట రావాలి. అది ముసలిది, ఒక కాలి గోరు ఊడిపోయింది, అయినా దాని పెత్తనం దానిదే. తన పక్కన ఇంకొకటి మెడ చాచిందంటే నడినెత్తిన ఒక్క పోటు పొడుస్తుంది. ఆ తర్వాత గోధుమరంగు పెట్టలు, ఆ తర్వాత పడుచు పెట్టలు. అన్నిటికన్నా ఆఖరున బోడిమెడది. దానికి పుట్టుకతోనే మెడ మీద ఈకలు లేవు. వీపు మీద ఉన్న నాలుగు ఈకల్ని మిగతావి పీకేశాయి. అందరూ తిని పోయేదాకా అది గోడ పక్కన నిలబడి, మట్టిలో మిగిలినవి ఏరుకుంటుంది. ఇప్పుడు ఆ తిప్పలు కూడా లేవు. వంటింటి మూల పాత బుట్టలో గుడ్లు పొదుగుతూ కూర్చుంది.

ఆ పొద్దున వరస తప్పింది. ఎర్ర పుంజు గింజను ఎత్తి వేసింది. పొడల పెట్ట వచ్చేలోగా నల్ల పుంజు వచ్చి దాన్ని మింగేసింది. ఆ నల్లది ఈ ఎర్రదాని పిల్లే. నిన్నటిదాకా ఎర్రది కన్నెత్తి చూస్తే చాలు, గడ్డివామి వెనక్కి పారిపోయేది. ఇవాళ పోలేదు. మింగి, అక్కడే నిలబడి, ఇంకో గింజ కోసం చూసింది.

ఎదురింటి మెట్ల మీద వేపపుల్ల నములుతున్న జయరాముడు కూడా అది చూశాడు. ఆయన హేమావతి భర్త దేవేంద్రకు అన్న. అన్నదమ్ముల ఇళ్ళు రెండూ ఎదురెదురు, వాకిలి ఒక్కటే.

"ఏమ్మా హేమావతీ, ఆ నల్లది తల ఎగరేస్తాండాది. మంగళవారం దాకా గంగమ్మ పుంజు మీద గీటు పడకూడదు. చూసుకో."

"చూస్తాండా బావా," అంది హేమావతి.

గంగమ్మ పుంజు అంటే ఎర్రదే. దాని కాలికి పసుపు దారం కట్టి ఉంది. కట్టింది జయరాముడు. పుంజు మాత్రం హేమావతిది. ఆమె పుట్టింటి నుంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చిన గుడ్లలోంచి పుట్టింది.

అన్నదమ్ములు కలిసి బోరు వేసిన రోజు ఆమె బోరు బండి వాళ్ళకు మజ్జిగ తీసుకుని ఇంటి వెనక చేలోకి పోయింది. పొద్దుటి నుంచి ఆ బండి తెల్లటి దుమ్ము తప్ప ఇంకేమీ కక్కలేదు. జయరాముడు తలగుడ్డ తీసి నేల మీద పరిచి, సాగిలపడి, "గంగమ్మ తల్లీ, నీళ్ళు చూపించు, నీకు పుంజు కోస్తా" అని మొక్కాడు. అంతటితో ఆగినా బాగుండేది. వాళ్ళ ఇంట్లో మొక్కితే ఫలానాది అని చూపించాలి. చూపించని మొక్కు దేవతకు అందదట. లేచి చుట్టూ చూశాడు. దుమ్ము కుప్ప మీద ఎర్ర పుంజు పురుగుల కోసం గీరుతూ కనిపించింది. "అదో, అది" అన్నాడు. కాసేపటికి దుమ్ము తడిసింది, తర్వాత బురద, తర్వాత నీళ్ళు ఎగజిమ్మాయి. అందరూ అరిచారు. మజ్జిగ చెంబుతో నిలబడిన హేమావతి కూడా అరిచింది. తన పుంజును తనను అడక్కుండా ఇచ్చేశారన్న సంగతి సాయంత్రం కోళ్ళను మూసేటప్పుడు గానీ ఆమెకు తట్టలేదు. తట్టి మాత్రం ఎవరికి చెబుతుంది? నీళ్ళు పడిన ఇంట్లో కోడి మాట ఎవరికి కావాలి?

తర్వాత దగ్గరి చుట్టాల్లో ఎవరో పోయి మైల వచ్చింది. మొక్కు వెనకబడింది. ఈలోగా బోరు పైపు దగ్గడం మొదలుపెట్టింది. నీళ్ళ మధ్యలో గాలి వస్తోంది. మొక్కు తీరనందుకే గంగమ్మకు కోపం వచ్చిందని జయరాముడు తేల్చేశాడు. వచ్చే మంగళవారం ఖాయం చేశాడు. పుంజు మీద హక్కు ఎప్పుడో పోయింది గానీ, దాన్ని కాపాడే పని మాత్రం హేమావతి నెత్తిన పడింది.

*

ఆ మధ్యాహ్నమే ఆమె టమాటా చెట్లను పుల్లలకు కడుతుంటే వాకిలి వైపు నుంచి రెక్కల చప్పుడు వినిపించింది. దారపు ఉండ అక్కడే పడేసి పరుగెత్తింది.

రెండు పుంజులూ మెడ ఈకలు విప్పుకుని ముక్కుకు ముక్కు ఆనించి నిలబడి ఉన్నాయి. ఒకటి తల ఎత్తితే రెండోదీ ఎత్తుతోంది. ఒకటి దించితే రెండోదీ దించుతోంది. అంతలోనే ఎగిరాయి. గాలిలో కాళ్ళు కాళ్ళు తగిలాయి. పెట్టలు మాత్రం తమకేమీ పట్టనట్టు నీడలో మట్టి పోసుకుంటున్నాయి. హేమావతి తొట్టిలోంచి చెంబుడు నీళ్ళు ముంచి రెండింటి మీదా విసిరింది. నల్లది విడిచి దూరం జరిగింది. ఎర్రదాన్ని రెక్కలు అదిమి పట్టుకుని ఒళ్ళోకి తీసుకుంది. దాని గుండె ఆమె అరచేతికి కొట్టుకుంటోంది. తురాయి చివర చీలి రక్తం కారుతోంది.

ఎదురింటి వైపు తిరిగి అరిచింది.

"అక్కా! ఓ అక్కా!"

జయరాముడి భార్య కదిరమ్మ ఎదురింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పుంజు తలను అటూ ఇటూ తిప్పి, కనురెప్పలు ఎత్తి, ముక్కు పట్టుకుని చూసింది.

"ఏమీ కాలేదు లే. తురాయి చీలితే మానుతాది. కన్ను, కాలు, ముక్కు, ఈ మూడూ బాగుంటే చాలు. ఊనముండేదాన్ని గంగమ్మ ముట్టదు."

"ఇంగా నాలుగు దినాలుండాది గదక్కా. నేను చేనికి పోవాల. ఎట్ల కాపాడేది?"

"గంప కింద మూసేయ్. మంగళవారం పొద్దున తీద్దువు. ఒకదాని కంటికి ఒకటి కనపడకపోతే కొట్లాట యాడిది?"

ఆ మాట ఇద్దరికీ సబబుగానే తోచింది. ఎర్రటి రక్తం కనబడితే మిగతా కోళ్ళు అక్కడే పొడుస్తాయని, హేమావతి గాయానికి పసుపు అద్ది, పైన పొయ్యి మసి పూసింది. పెద్ద గంప తెచ్చి వాకిలి మధ్యలో బోర్లించి, దాని కింద పుంజును పెట్టి, గాలికి దొర్లకుండా పైన రాయి ఉంచింది. ఆ రోజుకు గుండె కుదుటపడింది.

*

శుక్రవారం తెల్లవారి ఎర్ర పుంజు గంప కిందనుంచే కూసింది. నల్లది గడ్డివామి మీదినుంచి బదులు కూసింది. పొడల పెట్ట గంప దగ్గరికి వచ్చి, అల్లిక సందుల్లోంచి లోపలికి చూసి, దాని పక్కనే పడుకుంది. శనివారం నల్లది ముందు కూసింది. గంప కిందనుంచి బదులు రాలేదు. పొడల పెట్ట ఆ వైపు రాలేదు. హేమావతి జొన్నలు చల్లితే నల్లది గింజను ఎత్తి వేసి పిలిచింది, పొడల పెట్ట పోయి దాని ముందు తిన్నది. గొడవ లేకుండా తింటున్నాయని హేమావతి సంతోషపడింది. ఎర్రదాని చోటు నిండిపోయిందని ఆమెకు తట్టలేదు.

ఆమె మనసంతా నీళ్ళ మీద ఉంది. ఒప్పందం ప్రకారం పొద్దు నడినెత్తికి వచ్చేదాకా జయరాముడి వంతు, అక్కడినుంచి కరెంటు పోయేదాకా దేవేంద్ర వంతు. బోరుకు ఇద్దరూ సగం సగం పెట్టుకున్నారు. కానీ అన్న మడి పూర్తిగా తడిస్తేనే నడిపొద్దు వచ్చినట్టు లెక్క. శనివారం పొద్దు వాలుతున్నా వాల్వు అటే తిరిగి ఉంది. దేవేంద్ర గట్టు మీద గొంతుక్కూర్చుని కాలవ వైపు చూస్తున్నాడు.

"ఇంగో రెండు సాళ్ళుండాయమ్మా," అన్నాడు జయరాముడు హేమావతిని చూసి. "నీళ్ళు సన్నంగా వస్తాండాయి, ఏం చేసేది?"

ఆ రెండు సాళ్ళూ తడిసి వాల్వు తిప్పాక, నీళ్ళు వాళ్ళ టమాటా మడిలో సగం దూరం పోయేలోగా కరెంటు పోయింది. చెట్లు పూత మీద ఉన్నాయి. ఆ చివర సాళ్ళలో ఆకులు ముడుచుకుని ఉన్నాయి.

ఇంటికొచ్చాక ఆమె భర్తను అడిగింది. "మీ అన్నను అడగొచ్చు గదా?"

"ఏమని అడిగేది?"

"నడిపొద్దయితే మన వంతని."

"ఆయప్ప పెద్దోడు."

"ఆయప్ప పెద్దోడని టమాటా చెట్లకు తెలీదయ్యా."

దేవేంద్ర నవ్వబోయి మానుకున్నాడు. మంచివాడే. కూలికి పోయినచోట ఎవరితోనైనా గట్టిగా మాట్లాడతాడు. అన్న ముందు మాత్రం నోరు పెగలదు. "మంగళవారం కానీ. మొక్కు తీరితే నీళ్ళు బాగా వస్తాయంటాండాడు అన్న," అన్నాడు.

"రాకపోతే?"

అతను కాళ్ళు కడుక్కుని వచ్చి గంప వైపు చూసి, "ఆ పుంజును బాగా చూసుకో. దానికేమన్నా అయితే నీళ్ళు పోయిందానికి నిన్నే అంటారు," అన్నాడు.

అన్నం సహించలేదు. అన్నంలోంచి గుప్పెడు తీసి గంప సందులోంచి లోపలికి వేసింది. పుంజు తిన్నది గానీ ఎవరినీ పిలవలేదు.

ఆదివారం బోడిమెడ పెట్ట గుడ్లు పగిలాయి. బుట్టలో ఎనిమిది పిల్లలు. మరో రోజైతే ఆమె వాటిని చూస్తూ పొద్దు గడిపేది. ఆ రోజు నూకలు, నీళ్ళ చిప్ప పెట్టి, గంప మీద రాయి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి పోయింది.

*

సోమవారం గంప ఎత్తి చూస్తే పుంజు తోక ఈకలకు రెట్ట అంటుకుని ఉంది. గంగమ్మకు ఇచ్చేది శుభ్రంగా ఉండాలి. కాసేపు ఎండలో మట్టి పోసుకుని ఈకలు దులుపుకుంటే బాగుంటుందని ఆమె అనుకుంది. నల్లది కనుచూపు మేరలో లేదు. పెట్టలు మాత్రమే ఉన్నాయి. పెట్టలతో భయమేమిటి?

ఎర్ర పుంజు రెండు అడుగులు వేసి, రెక్కలు చాచి, ఒళ్ళు విరుచుకుంది. పొడల పెట్ట తల ఎత్తి చూసింది. కొత్తదాన్ని చూసినట్టు చూసింది. తిన్నగా వచ్చి, ఎర్రదాని నెత్తిన, మానుతున్న గాయం మీద ఒక్క పోటు పొడిచింది.

పెట్ట పుంజును పొడవడం హేమావతి ఆ వాకిట్లో ఎన్నడూ చూడలేదు. ఎర్రది తిరగబడలేదు. తల వంచుకుని పక్కకు జరిగింది. గోధుమరంగు పెట్ట ఒకటి వచ్చి అదీ పొడిచింది. ఆ అలికిడికి గడ్డివామి వెనకనుంచి నల్లది పరుగున వచ్చింది. ఈసారి మెడ ఈకలు విప్పుకోవడం, తలలు ఎత్తడం ఏమీ లేదు. ఎర్రది పారిపోవాలని చూసింది. ఇన్నాళ్ళూ గంప కింద ముడుచుకున్న కాళ్ళు సాగలేదు. నల్లది దాన్ని గోడ మూలకు తోసి మీదికి ఎక్కింది.

ఆమె చేతికందిన చీపురుతో కొట్టి, కాలితో తన్ని, ఎలాగో విడిపించింది. విడిపించేసరికే ఎడమ కన్ను పోయింది.

ఆమె పుంజును కొంగు కింద దాచుకుని ఇంట్లోకి పోయి తలుపు మూసింది. తడిగుడ్డతో తుడిచింది. రెప్ప కింద ఏమీ లేదు. గోడకానుకుని కూర్చుండిపోయింది. నీళ్ళు పోతే నిన్నే అంటారు. ఆ మాట తప్ప ఇంకేదీ తలలోకి రావడం లేదు.

సాయంత్రం దేవేంద్ర వచ్చి చూశాడు. "మూసే పెట్టింటే బాగుండేది గదే," అన్నాడు.

"మూసి పెట్టినందుకే ఇట్లయింది," అంది ఆమె. ఆ మాట నోట్లోంచి వచ్చాకే అది నిజమని ఆమెకు తెలిసింది. "దాని చోటులో దాన్ని ఉండనిచ్చింటే నల్లదాంతో అదే తేల్చుకునేది. పెట్టలన్నా దాని పక్కనుండేవి. మనమే ఎత్తి పక్కన పెట్టి, ఎవరికీ కాకుండా చేసినాం."

"అదంతా అన్నకేం చెప్తావు? నల్లదాన్ని ఇద్దాం లే. దానికి ఊనం లేదు గదా."

పుంజు ఆమె కాళ్ళ దగ్గర తల పక్కకు తిప్పి, ఉన్న కంటితో ఆమె వైపు చూస్తోంది.

*

మంగళవారం పొద్దున బోడిమెడ పెట్ట పిల్లల్ని వేసుకుని మొదటిసారి వాకిట్లోకి వచ్చింది. హేమావతి యాంత్రికంగా జొన్నలు చల్లింది. నల్లది గింజను ఎత్తి పిలిచింది, పొడల పెట్ట బయలుదేరింది. బోడిమెడది గోడ పక్కకు పోలేదు. పిల్లలతో సహా నడిచి నడి వాకిట్లోకి వచ్చి, ఒళ్ళంతా ఉబ్బించి, పొడల పెట్ట మీదికి ఎగిరింది. ఆ ముసలిది అరుచుకుంటూ తప్పుకుంది. పిల్లల కోడిలో అంత తెగువ ఉంటుందని హేమావతికి తెలియనిది కాదు. అయినా అన్నాళ్ళు మట్టిలో ఏరుకుతిన్న కోడి అలా నడి వాకిట్లో నిలబడి పిల్లల్ని పిలుస్తుంటే, ఇన్ని రోజుల తర్వాత ఆమెకు నవ్వొచ్చింది.

ఆ నవ్వు పూర్తి కాకుండానే జయరాముడు వచ్చాడు. తలస్నానం చేసి, తడిపంచెతో, పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టుకుని. వెనక కదిరమ్మ చేతిలో దీపం.

"తేమ్మా పుంజును."

హేమావతి లోపలికి పోయి ఎర్రదాన్ని తెచ్చింది. దాచలేదు. ఎడమ వైపు తిప్పి చూపించింది.

జయరాముడి మొహం నల్లబడింది. "ఏం చేసినావు? ఒక్క పని చెప్తిని గదా నీకు! ఇప్పుడు ఆ తల్లికేం చెప్పేది? ఆ బోరు ఎండితే ఎవరిది పాపం?"

కదిరమ్మ "గంప కింద మూయమన్నది నేనే" అని గొణిగింది. ఆయన వినిపించుకోలేదు. వాకిలంతా చూశాడు. బోరు దగ్గర ఆ రోజు చూసినట్టే చూశాడు. చూపు నల్ల పుంజు మీద ఆగింది.

"దేవేంద్రా, పట్టుకో దాన్ని."

దేవేంద్ర వంగి, చేతులు చాచి, నల్లదాని వైపు నడిచాడు. అది పిల్లల మధ్యనుంచి పరుగెత్తింది. అతనూ వాటి మధ్యలో అడుగు వేశాడు. బోడిమెడది ఎక్కడినుంచి వచ్చిందో, అతని మోకాలి కింద ముక్కుతో పొడిచి, గోళ్ళతో పట్టుకుని వేలాడింది. "అబ్బా!" అని అతను గంతేశాడు. నల్లది గోడ ఎక్కేసింది. కదిరమ్మ దీపం ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

"ఇంగో తూరి పట్టుకో," అన్నాడు జయరాముడు.

"ఆగయ్యా," అంది హేమావతి.

ఆమె చేతిలో ఉన్న పుంజును గట్టిగా పట్టుకుంది. "అది నాది బావా."

"నీది కాదంటాండేదెవరు?"

"ఇదీ నాదే. ఇది నీదని గంగమ్మకు చెప్పేటప్పుడు నేను పక్కనే ఉండా. మజ్జిగ చెంబు పట్టుకోని. నన్ను అడిగినావా?"

జయరాముడు తమ్ముడి వైపు చూశాడు. దేవేంద్ర మోకాలు రుద్దుకుంటూ తల వంచుకున్నాడు. ఆయన కదిరమ్మ వైపు చూశాడు. ఆమె దీపం వైపు చూస్తోంది. ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"సరే. ఇప్పుడు అడుగుతాండా. ఆ నల్ల పుంజు ఇస్తావా?"

ఆయన అడుగుతాడని ఆమె అనుకోలేదు. అరుస్తాడనుకుంది, పట్టుకుపోతాడనుకుంది. ఆ రెండింటికీ రాత్రంతా సిద్ధపడింది. దీనికి సిద్ధపడలేదు. కాసేపు నల్లదాని వైపు చూసింది. అది గోడ మీద నిలబడి, మెడ సాచి కూసింది.

"అడిగినావు కాబట్టి చెప్తాండా బావా," అంది. "ఇయ్యను. కోళ్ళకు ఒక పుంజుండాల. మొక్కుకు కావాల్సింది మొక్కినోళ్ళే తెచ్చుకోవాల."

ఎర్రదాని కాలికి ఉన్న పసుపు దారం ముడి పళ్ళతో విప్పింది. తీసి, ఆయన పళ్ళెంలో కుంకుమ పక్కన పెట్టింది. "ఇది నీది."

జయరాముడు పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కోపమో, సిగ్గో, ఆ మొహంలో ఏదీ తేలలేదు. చివరికి కదిరమ్మే అంది. "పొద్దు ఎక్కుతాండాది. కంబదూరుకు పోయి ఇంగొకదాన్ని పట్టుకోని రా పో. కొన్నదైతే మాత్రం, పుంజు పుంజే గదా."

ఆయన మోటారు సైకిలు తీశాడు.

ఆయన పోయాక హేమావతి ఎర్ర పుంజును వాకిట్లో వదిలింది. అది గోడ పక్కకు పోయి, ఇన్నాళ్ళూ బోడిమెడది నిలబడిన చోట నిలబడింది. ఎవరూ దాన్ని పొడవలేదు. ఎవరూ పిలవలేదు. ఆమె దానికి విడిగా గుప్పెడు జొన్నలు వేసింది. అది తల పక్కకు తిప్పి చూసి, మొదటి పోటు మట్టిలో పొడిచి, రెండో పోటుకు గింజ దొరకబుచ్చుకుంది. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

*

కంబదూరు నుంచి తెచ్చిన పుంజు తెల్లది, కాళ్ళు కట్టేసి ఉంది. అదే పసుపు దారం దాని కాలికి కట్టి, బోరు దగ్గర కోశారు. మోటారు వేస్తే పైపు దగ్గింది. గాలి వచ్చింది, కాసిని నీళ్ళు వచ్చాయి, మళ్ళీ గాలి. నిన్న ఎంత వచ్చాయో అంతే. అందరూ పైపు వైపే చూస్తున్నారు. హేమావతికి అందరూ తన వైపే చూస్తున్నట్టు అనిపించింది.

ఎవరూ ఏమీ అనలేదు. నీళ్ళు జయరాముడి సాళ్ళలోకి పోయాయి.

పొద్దు నడినెత్తికి వచ్చింది. దేవేంద్ర ఎప్పటిలాగే గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. హేమావతి అతన్ని దాటుకుని వాల్వు దగ్గరికి నడిచింది. ఇనుప పిడి ఎండకు కాలుతోంది. కొంగు చుట్టి పట్టుకుంది.

"నడిపొద్దయింది బావా. తిప్పుతాండా."

మడిలో పార పట్టుకుని ఉన్న జయరాముడు తల ఎత్తాడు. తడవని సాలు వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. ఆమె ఆగలేదు, తిప్పింది. ఆయన పార భుజాన వేసుకుని, మడిలోంచి గట్టు ఎక్కి పక్కకు నిలబడ్డాడు.

దేవేంద్ర లేచి వచ్చి వాళ్ళ కాలవకు అడ్డం ఉన్న మట్టిగడ్డ తీశాడు. పైపు రెండుసార్లు దగ్గి, నీళ్ళు వదిలింది. సన్నటి ధార ఎండిన మట్టిలో ఇంకుతూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ ముందుకు పోతోంది. చివరి సాళ్ళ దాకా చేరుతుందో లేదోనని ఆమెకు భయంగానే ఉంది. చెప్పులు గట్టు మీద విడిచి, నీళ్ళ వెంబడి నడిచింది.